చలి పొద్దున పికప్ ఇంజన్ మిస్సింగ్: అసలు కారణం పట్టుకునే క్రమం

ఒడిశాలోని కొరాపుట్, సెమిలిగూడ, పొట్టంగి వైపు నుంచి క్యాబేజీ, అల్లం, చిక్కుళ్లు వేసుకుని సాలూరు ఘాట్ దిగే డ్రైవర్లు చలికాలం రాగానే ఒకే ప్రశ్న అడుగుతున్నారు. తెల్లవారుజామున బండి స్టార్టవుతుంది, కానీ ఇంజన్ కుంటుతున్నట్టు కొట్టుకుంటుంది. క్యాబిన్ అంతా ఊగుతుంది, వెనుక తెల్లటి పొగ. ఐదు నిమిషాలు గడిచాక ఏమీ జరగనట్టు నడుస్తుంది. కిందికి దిగి మెకానిక్‌కు చూపిస్తే బండిలో లోపమే కనిపించదు. కొందరు ఊహ మీద ఇంజెక్టర్లు (సిలిండర్‌లోకి డీజిల్ చల్లే భాగాలు) మార్పించుకుని వేలకు వేలు పోగొట్టుకుంటున్నారు.

ఈ లోపం చల్లటి ఇంజన్‌లోనే బయటపడుతుంది. కాబట్టి దాన్ని చల్లటి ఇంజన్‌లోనే వెతకాలి. ఇంజన్ పూర్తిగా చల్లబడాలంటే రాత్రంతా ఆగాలి గనుక పరీక్షకు రోజుకు ఒక్కటే అవకాశం దొరుకుతుంది. ఆ ఒక్క స్టార్టును ఎలా వాడుకోవాలి, ఏ పని సాయంత్రం చేయాలి, ఏది తెల్లవారుజామున చేయాలి అన్నదే ఈ మార్గదర్శిలో ముఖ్యం. ఏ పరీక్షా చెప్పకుండా ఏ భాగమూ కొనవద్దు.

బొలెరో పికప్, యోధా తరహా నాలుగు సిలిండర్ల డీజిల్ బండ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. పెట్రోల్, సీఎన్‌జీ బండ్లకు విడిగా ఒక భాగం ఉంది.

1. ముందుగా ఇది మిస్సింగేనా?

చలి పొద్దున వచ్చే మూడు రకాల ఇబ్బందులను అందరూ ఒకే పేరుతో చెబుతుంటారు. వాటిని విడదీయకపోతే దారి తప్పుతారు.

- సెల్ఫ్ నెమ్మదిగా తిరిగి, ఇంజన్ అందుకోవడానికి చాలాసేపు పడితే అది స్టార్టింగ్ సమస్య. బ్యాటరీ, కేబుళ్లు, సెల్ఫ్ మోటారు, చిక్కటి ఆయిల్ ముందు చూడాలి.
- ఇంజన్ సమంగానే తిరుగుతూ, టకటకమనే గట్టి శబ్దం మాత్రం వస్తే అది చల్లటి డీజిల్ ఇంజన్‌కు కొంతవరకు సహజం. వేడెక్కాక తగ్గితే కంగారు పడనక్కరలేదు.
- శబ్దంలో లయ తప్పి, ఒక దెబ్బ పడి ఒక దెబ్బ పడనట్టు వినిపిస్తూ ఇంజన్ ఊగితే అదే మిస్సింగ్. ఏదో ఒక సిలిండర్‌లో ఇంధనం మండడం లేదు.

సైలెన్సర్ గొట్టం చివర నుంచి జానెడు దూరంలో అరచేయి పెట్టండి. పొగ సమంగా కొడుతోందా, మధ్యమధ్యలో ఆగుతోందా అన్నది చేతికి స్పష్టంగా తెలుస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్న మొదటి నిమిషంలో మాత్రమే ఇలా చూడండి.

2. కింద రాని జబ్బు కొండ మీద ఎందుకు వస్తుంది

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. కొరాపుట్, సెమిలిగూడ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి తీరంతో పోలిస్తే దాదాపు పది శాతం తక్కువ. పైగా డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలి పది డిగ్రీల లోపుకు, కొన్ని రోజుల్లో ఐదారు డిగ్రీలకు కూడా దిగుతుంది.

గాలి పలచన, గాలీ ఇంజనూ చల్లన. ఈ రెండూ కలిసినప్పుడు నొక్కిన గాలిలో పుట్టే వేడి తగ్గుతుంది. నాలుగు సిలిండర్లలో ఏది కాస్త బలహీనంగా ఉందో అది ముందు చేతులెత్తేస్తుంది. అదే బండిని రాత్రి విజయనగరంలో నిలిపితే పొద్దున చక్కగా స్టార్టవుతుంది. అందుకే పరీక్షలన్నీ బండి రాత్రిపూట నిలిచే కొండ ఊళ్లోనే జరగాలి.

3. పనిముట్లు, ముందురోజు సాయంత్రం ఏర్పాట్లు

పెద్ద సామాను అవసరం లేదు. ఇవి ఉంటే చాలు:

- డిజిటల్ మల్టీమీటర్
- ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. జ్వరం చూసేది పనికిరాదు, దాని కొలత ఒంటి వేడి దగ్గరే ఆగిపోతుంది. యంత్రాలకు వాడే రకం, 300 డిగ్రీల వరకు చూపేది తీసుకోండి.
- మూత ఉన్న గాజు సీసా
- స్పానర్లు, టార్చిలైటు, ఫోను, చేతి తొడుగులు, కళ్లద్దాలు
- బండికి సరిపోయే స్కానర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు, లోపం కోడ్‌లు చదివే పరికరం) దొరికితే మేలు. బ్లూటూత్‌తో ఫోనుకు కలిసే చిన్న పరికరం కూడా చాలా బీఎస్ 6 (కొత్త ఉద్గార ప్రమాణం) బండ్లలో సరిపోతుంది.

సాయంత్రం బండిని చదునైన చోట ఆరుబయట నిలపండి. షెడ్డులో పెడితే చలి పూర్తిగా పట్టదు. ఇంజన్ చల్లారాక కూలెంట్ డబ్బాలో మట్టం ఎక్కడ ఉందో పెన్నుతో గీత గీయండి. ఆయిల్ డిప్‌స్టిక్ చూసి ఫోటో తీయండి.

డీజిల్ ఫిల్టర్ అడుగున ఉన్న మరను వదులు చేసి, వచ్చిన మొదటి ద్రవాన్ని గాజు సీసాలో పట్టండి. మర బిగించాక ప్రైమర్ (డీజిల్‌ను చేత్తో ముందుకు తోసే చిన్న పంపు) నొక్కి, ఒకసారి ఇంజన్ నడిపి, లోపలికి చేరిన గాలి పోయిందని నిర్ధారించుకోండి. ఇది మరిచిపోతే మర్నాటి పరీక్ష తప్పు ఫలితం చూపుతుంది. సీసాను మూతపెట్టి రాత్రంతా బండి పక్కనే ఉంచండి. దాని ఉపయోగం ఆరో భాగంలో చెబుతాను.

బండిని రాత్రి మధ్యలో స్టార్ట్ చేయవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. ఒక్క నిమిషం నడిపినా పరీక్ష చెడినట్టే.

4. చేయకూడని పనులు

ఇవి ప్రాణాలకు సంబంధించినవి గనుక పరీక్షలకంటే ముందే చెప్పాలి.

- కామన్ రైల్ ఇంజన్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే అధిక ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ అందే రకం) ఇంజెక్టర్ పైపు నట్టును నడుస్తుండగా వదులు చేయకండి. పాత పంపు ఇంజన్లలో ఏ సిలిండర్ పని చేయడం లేదో తెలుసుకోవడానికి మేస్త్రీలు అలా చేసేవారు. కామన్ రైల్‌లో ఒత్తిడి ఐడ్లింగ్‌లోనే వందల బార్లు, లోడులో 1,600 బార్లకు చేరుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళుతుంది. గాయం సూదిపోటంత చిన్నగా కనిపించినా వెంటనే ఆపరేషన్ అవసరం కావచ్చు.
- హీటర్ ప్లగ్గులు (చల్లటి సిలిండర్‌ను ముందే వేడి చేసే చిన్న హీటర్లు) ఉన్న ఇంజన్‌లో స్టార్టింగ్ స్ప్రే కొట్టవద్దు. ఎర్రగా కాలిన ప్లగ్గుకు ఆ ఆవిరి తగిలితే గాలి గొట్టంలోనే పేలుతుంది, పిస్టన్లు పగులుతాయి.
- ట్యాంకు కింద, ఆయిల్ చాంబర్ కింద గడ్డి మంట పెట్టవద్దు. ఘాట్ ఊళ్లలో ఈ అలవాటు ఇంకా ఉంది. బండి మొత్తం కాలిపోవడానికి కారే ఒక్క చుక్క డీజిల్ చాలు.
- మూసిన షెడ్డులో ఇంజన్ నడపవద్దు. మండీ మండని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ.
- కూలెంట్ మట్టం రాత్రికి రాత్రే బాగా పడిపోయి ఉంటే సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. పదమూడో భాగం చూడండి.

5. మొదటి తెల్లవారుజాము: చూడటం, వినడం, రాసుకోవడం

మొదటి రోజు ఏ భాగాన్నీ విప్పకండి. ఫోను వీడియోను సైలెన్సర్ వైపు పెట్టి, రోజూ చేసినట్టే తాళం తిప్పండి. హీటర్ లైటు ఆరాక సెల్ఫ్ కొట్టండి. యాక్సిలరేటర్ తొక్కవద్దు. రేసు ఇస్తే మిస్సింగ్ కప్పబడిపోతుంది, చల్లటి ఇంజన్‌కు అది మంచిది కూడా కాదు.

రాసుకోవలసినవి:

- తాళం తిప్పగానే హీటర్ లైటు వచ్చిందా, ఎన్ని సెకన్లకు ఆరింది
- సెల్ఫ్ ఎన్ని సెకన్లకు ఇంజన్ అందుకుంది
- మిస్సింగ్ మొదటి క్షణం నుంచే ఉందా, బాగా అందుకుని కొన్ని సెకన్ల తర్వాత మొదలైందా
- ఎంతసేపటికి సర్దుకుంది, ఒక్కసారిగానా, క్రమంగానా
- పొగ రంగు, వాసన
- చెక్ ఇంజన్ లైటు వెలిగిందా, మిణుకుమందా

మూడో అంశం చాలామంది పట్టించుకోరు గానీ దానిలోనే సగం జవాబు ఉంది. మొదటి క్షణం నుంచే కుంటితే వేడి లేదా కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే బలం) లోటు అనుకోవచ్చు. చక్కగా అందుకుని, పది పదిహేను సెకన్లు నడిచి, ఆ తర్వాత తడబడితే ఇంధనంలో గాలి చేరిందేమోనని అనుమానించాలి. పైపుల్లో మిగిలిన మంచి డీజిల్ అయిపోయాక గాలి వంతు వస్తుంది.

పొగను ఇలా చదవండి:

- తెల్లగా, కళ్లు మండేలా, పచ్చి డీజిల్ వాసనతో ఉంటే: డీజిల్ మండకుండా బయటికి వస్తోంది. హీటర్ ప్లగ్గు, కంప్రెషన్, కారే నాజిల్ (ఇంజెక్టర్ కొన).
- తెల్లగా, తీపి వాసనతో, ఇంజన్ వేడెక్కినా తగ్గకుండా ఉంటే: కూలెంట్.
- నీలంగా ఉంటే: ఆయిల్.
- నల్లగా ఉంటే: గాలి తక్కువ లేదా డీజిల్ ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి పంపేది).

చలి పొద్దున సైలెన్సర్ నుంచి వచ్చే పలచటి ఆవిరి, నాలుగు నీటి చుక్కలు ఏ బండికైనా మామూలే.

6. డీజిల్: నీరు, మైనం, గాలి

సాయంత్రం ఉంచిన సీసాను టార్చిలైటు వెలుగులో చూడండి. అడుగున వేరుగా ఒక పొర నిలిచి ఉంటే అది నీరు. డీజిల్ అంతా మసకబారి ఉండి, ఎండ తగిలాక తేటపడితే అది మైనం.

నీరు చేరడానికి సాధారణ కారణం సగం ఖాళీ ట్యాంకు. రాత్రి చలికి ట్యాంకులోని తేమ గోడల మీద చెమ్మగా దిగుతుంది. సాయంత్రమే ట్యాంకు నింపుకోవడం, వారానికోసారి ఫిల్టర్ నుంచి నీరు తీయడం దీనికి మందు. నీరు ప్రతిసారీ చాలా వస్తుంటే ట్యాంకు దించి కడిగించాలి.

మైనం గురించి చాలామందికి తెలియదు. డీజిల్ నాణ్యతకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం డీజిల్ ఫిల్టర్‌ను మూసేసే ఉష్ణోగ్రత చలికాలపు సరుకుకు 6 డిగ్రీలు, వేసవి సరుకుకు 18 డిగ్రీలు మించకూడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు చలికాలంగా లెక్క. అంటే అక్టోబరులో డ్రమ్ములో నింపి దాచుకున్న డీజిల్ జనవరి చలికి ఫిల్టర్‌లో గడ్డకట్టే అవకాశం ఉంది. పంట పనులకు, జనరేటర్లకు డ్రమ్ముల్లో నిల్వ ఉంచే ఇళ్లలో దీన్ని తప్పక గమనించండి. చలికాలంలో బంకు నుంచి తాజాగా కొట్టించిన డీజిలే వాడండి. కిరోసిన్ కలిపితే పలచబడుతుందని చెప్పేవారి మాట వినవద్దు. డీజిల్‌లోని జిడ్డే అధిక ఒత్తిడి పంపును కాపాడుతుంది. అది తగ్గితే పంపు అరిగి, ఇనుప రజను నాలుగు ఇంజెక్టర్లకూ చేరుతుంది.

గాలి పట్టడం వీటన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. రాత్రి పైపుల్లోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది, ఆ చోట గాలి చేరుతుంది. పరీక్ష చాలా తేలిక:

1. తెల్లవారుజామున తాళం తిప్పకముందే చేతి ప్రైమర్ నొక్కండి.
2. ఒకటి రెండు నొక్కులకే గట్టిపడితే డీజిల్ నిలిచే ఉంది.
3. మెత్తగా ఉండి, పది ఇరవై నొక్కుల తర్వాత గట్టిపడితే డీజిల్ జారిపోయింది.
4. గట్టిపడ్డాక స్టార్ట్ చేయండి. ఆ రోజు మిస్సింగ్ రాకపోతే లోపం దాదాపు దొరికినట్టే.

ట్యాంకులో విద్యుత్ పంపు ఉన్న బండ్లకు ప్రైమర్ ఉండకపోవచ్చు. వాటిలో తాళాన్ని రెండు మూడుసార్లు ఆన్ చేసి ఆపి, పంపు శబ్దం విని, ఆ తర్వాత స్టార్ట్ చేసి తేడా చూడండి.

గాలి ఎక్కడి నుంచి వస్తోందో వెతికేటప్పుడు తడి కోసం మాత్రమే చూస్తే దొరకదు. పంపు పీల్చే వైపు ఉన్న సందు గాలిని లోపలికి లాగుతుంది, డీజిల్‌ను బయటికి వదలదు. ఫిల్టర్‌కు, పంపుకు మధ్య కొద్దిసేపు పారదర్శకమైన డీజిల్ పైపు ముక్క వేసి బుడగలు చూడండి. ఫిల్టర్ రబ్బరు రింగు, రాగి వాషర్లు, గట్టిపడిన రబ్బరు పైపుల చివరలు, వదులైన క్లిప్పులు ఒక్కొక్కటీ మార్చుకుంటూ వెళ్లండి. చలికి రబ్బరు బిగుసుకుని సందు తెరుచుకుంటుంది, వేడికి మళ్లీ మూసుకుంటుంది. పగటిపూట చూసే మెకానిక్‌కు బుడగ కనిపించకపోవడానికి ఇదే కారణం.

7. బ్యాటరీ

దీనికి రెండు కొలతలు చాలు. స్టార్ట్ చేయకముందు బ్యాటరీ మీద 12.4 వోల్టులు, అంతకు పైన ఉండాలి. 12.2 అంటే సగమే చార్జి ఉన్నట్టు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి పడకూడదు.

వోల్టేజీ బాగా పడితే సెల్ఫ్ నెమ్మదిస్తుంది, హీటర్ ప్లగ్గులు సరిగా కాలవు, కంప్యూటర్ తడబడుతుంది. అంటే బ్యాటరీ బలహీనత కూడా మిస్సింగ్ రూపంలో బయటపడవచ్చు. మంచి బ్యాటరీ ఉన్న మరో బండి నుంచి కేబుళ్లు కలిపి ఒక తెల్లవారుజామున స్టార్ట్ చేసి చూస్తే తేలిపోతుంది. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ కేబుల్ తుప్పును కూడా చూడండి.

8. హీటర్ ప్లగ్గులు

పచ్చి డీజిల్ వాసనతో తెల్ల పొగ, మొదటి క్షణం నుంచే కుంటుడు, ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకోవడం. ఈ మూడూ కలిస్తే ముందు ఇక్కడే చూడాలి.

నాలుగు ప్లగ్గుల్లో ఒకటి పోతే బండి స్టార్టవుతుంది, ఆ ఒక్క సిలిండర్ మాత్రం ఇంజన్ కొంచెం వేడెక్కేదాకా మండదు. రెండు సిలిండర్ల చిన్న బండ్లలో ఒకటి పోతే సగం ఇంజన్ పోయినట్టే.

పనిముట్లు లేని పరీక్ష. తెల్లవారుజామున తాళం ఆన్ చేసి, హీటర్ లైటు ఆరేదాకా ఆగండి. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆపండి. ఇలా మూడుసార్లు చేసి, నాలుగోసారి స్టార్ట్ చేయండి. మిస్సింగ్ స్పష్టంగా తగ్గితే లోటు వేడిలో ఉంది. ఏ తేడా లేకపోతే, నాలుగింటిలో ఒకటి పూర్తిగా తెగి ఉండవచ్చు, లేదా లోపం వేరే చోట ఉండవచ్చు.

లైటు వెలిగి ఆరింది కదా, ప్లగ్గులు బాగున్నాయని అనుకోవడం పెద్ద పొరపాటు. చాలా బండ్లలో ఆ లైటు సమయాన్ని మాత్రమే చూపుతుంది, ప్లగ్గు నిజంగా కాలిందో లేదో దానికి తెలియదు. లైటు ఆరిన తర్వాత, ఇంజన్ నడుస్తున్నప్పుడు కూడా ప్లగ్గులకు కొంతసేపు కరెంటు వెళ్తూనే ఉంటుంది. రిలే ముందు పని చేసి తర్వాత వదిలేస్తే, స్టార్టింగ్ బాగుండి ఆ వెనుక మిస్సింగ్ వస్తుంది.

మీటర్‌తో పరీక్ష. ఇది సాయంత్రం కూడా చేయవచ్చు, స్టార్టుతో పని లేదు.

1. తాళం ఆన్ చేయించి, ప్లగ్గులన్నిటినీ కలిపే పట్టీ మీద వోల్టేజీ చూడండి. బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా రావాలి. ఏమీ రాకపోతే ఫ్యూజు, రిలే, వైరు. ప్లగ్గులు కొనకండి.
2. తాళం ఆపి, పట్టీ విప్పండి. ప్రతి ప్లగ్గు కొనకూ ఇంజన్ లోహానికీ మధ్య నిరోధం కొలవండి.
3. మీటర్ తీగలు రెండూ తాకించినప్పుడు వచ్చే అంకెను తీసివేయండి. మామూలుగా 12 వోల్టుల ప్లగ్గు అర నుంచి రెండు ఓమ్‌ల మధ్య ఉంటుంది.
4. అంకె రాకపోతే ప్లగ్గు తెగింది. మిగతా మూడింటికంటే చాలా ఎక్కువ వచ్చినా అది పనికిరాదు.

డీసీ ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటర్ ఉంటే ఇంకా మంచిది. ఒక్కో ప్లగ్గు మొదట పది ఆంపియర్లకు పైగా లాగి, వేడెక్కేకొద్దీ తగ్గాలి. తక్కువ ధర క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీని మాత్రమే కొలుస్తాయి, కొనేముందు అడగండి.

ప్లగ్గును విప్పి నేరుగా బ్యాటరీకి కలిపి ఎర్రబడుతుందో చూసే అలవాటు చాలామందికి ఉంది. కొన్ని కొత్త ఇంజన్ల ప్లగ్గులు 12 వోల్టుల కంటే బాగా తక్కువకు తయారైనవి. అలా కలిపితే మంచి ప్లగ్గు కూడా కాలిపోతుంది. ప్లగ్గు మీద రాసిన వోల్టేజీ చదవండి. నిరోధం అంకె కూడా ఆ రకం ప్లగ్గుకు తయారీదారు ఇచ్చిన దానితోనే పోల్చాలి.

విప్పేటప్పుడు. ఏళ్ల తరబడి కదలని ప్లగ్గు మర దగ్గర మసి పట్టి బిగుసుకుంటుంది. బలంగా తిప్పితే విరిగి, ముక్క హెడ్‌లో ఉండిపోతుంది. అప్పుడు హెడ్ దించాలి. ముందురోజు తుప్పు వదిలించే నూనె చల్లండి, ఇంజన్ వెచ్చగా ఉన్నప్పుడు కొంచెం వదులు, కొంచెం బిగింపు అన్నట్టు ఓపికగా తిప్పండి. బిగించేటప్పుడు మాన్యువల్ చెప్పిన బిగుతు మించవద్దు.

బయటికి తీసిన ప్లగ్గు కొన కరిగి గాని, ఉబ్బి గాని ఉంటే కొత్తది వేసి ఊరుకోకండి. ఆ సిలిండర్ నాజిల్ డీజిల్‌ను సరిగా చల్లకుండా కారుస్తోంది. నాజిల్ చూడకపోతే కొత్త ప్లగ్గుకూ అదే గతి.

ఒకటి పోయినా, మిగతావి అదే వయసువైతే నాలుగూ మార్చడమే నా సలహా.

9. మరో తెల్లవారుజాము: ఏ సిలిండర్?

ప్లగ్గులు బాగున్నా మిస్సింగ్ ఉంటే, ఏ సిలిండర్‌లో లోపమో తెలియాలి. దీనికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను మించిన సాధనం నాకు తెలియదు.

హెడ్ నుంచి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోకి (సిలిండర్ల పొగను ఒకచోట చేర్చే గొట్టం) వచ్చే ప్రతి దారి దగ్గర చాక్‌పీసుతో ఒక గుర్తు పెట్టండి. స్టార్ట్ చేయకముందు నాలుగు చోట్లా కొలవండి, ఒకేలా ఉండాలి. స్టార్ట్ చేశాక అర నిమిషానికి, ఒక నిమిషానికి, రెండు నిమిషాలకు మళ్లీ కొలవండి. మండే సిలిండర్ల దగ్గర వేడి వేగంగా పెరుగుతుంది, మండనిది వెనకబడుతుంది.

వేడి కవచం మీద కాకుండా మానిఫోల్డ్ లోహం మీదే కొలవాలి. ప్రతిచోటా ఒకే దూరం నుంచి చూడాలి. మెరిసే లోహం మీద అంకె తప్పుగా వస్తుంది. రెండు నిమిషాలు దాటాక వేడి పక్కకు పాకి తేడా చెరిగిపోతుంది, కాబట్టి ఆలస్యం చేయకండి. ఒకరు కొలిచి చెబుతుంటే మరొకరు రాయడం మంచిది.

స్కానర్ ఉంటే ఐడ్లింగ్‌లో ప్రతి సిలిండర్‌కు కంప్యూటర్ చేస్తున్న ఇంధన సవరణ అంకెలు చూడండి. ఒకటి మిగతా మూడింటికి దూరంగా ఉంటే అదే మీ సిలిండర్.

10. ఇంజెక్టర్లు

సిలిండర్ తెలిసి, ఆ సిలిండర్ ప్లగ్గు బాగుండి, ఇంధనంలో గాలి లేదని తేలాకే ఇక్కడికి రండి. ముందు అడగవలసింది రిటర్న్ పరీక్ష. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులను (మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపేవి) నాలుగు సీసాల్లోకి పెట్టి కాసేపు నడిపితే, ఒక సీసాలో మాత్రం మిగతావాటికంటే బాగా ఎక్కువ డీజిల్ చేరితే ఆ ఇంజెక్టర్ అరిగింది. ఇది కామన్ రైల్ తెలిసిన వర్క్‌షాపులో చేయించవలసిన పని.

అనుమానంతో ఒక సిలిండర్ ఇంజెక్టర్‌ను మరో సిలిండర్‌కు మార్చి చూడకండి. చాలా ఇంజన్లలో ఒక్కో ఇంజెక్టర్‌కు సొంత కోడ్ ఉంటుంది, దాన్ని కంప్యూటర్‌లో మళ్లీ రాయాలి. అడుగున రాగి వాషర్ కూడా కొత్తదే వేయాలి.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతూ, డీజిల్ వాసన వస్తుంటే కారే ఇంజెక్టర్ డీజిల్ ఆయిల్‌లో కలుస్తోంది. ఆ బండిని ఘాట్ ఎక్కించవద్దు. ముందు లోపం సరిచేసి ఆయిల్ మార్చండి.

11. కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్

హీటర్ ప్లగ్గులను ఎంతసేపు కాల్చాలి, ఎంత డీజిల్ పోయాలి అన్నది కంప్యూటర్ ఈ సెన్సర్ మాట విని తేలుస్తుంది. బయట 7 డిగ్రీలుంటే సెన్సర్ 50 అని చెబితే, ప్లగ్గులు సరిగా కాలవు.

స్టార్ట్ చేయకముందు తాళం ఆన్ చేసి, స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రతనూ లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రతనూ పక్కపక్కన చూడండి. రాత్రంతా నిలిచిన బండిలో రెండూ బయటి చలికి దగ్గరగా ఉండాలి. ఒకటి దూరంగా ఉంటే దాని కనెక్టర్, వైరు, ఆ తర్వాత సెన్సర్ చూడండి. లోపం పెద్దది కాకపోతే చెక్ ఇంజన్ లైటు వెలగకపోవచ్చు.

12. పెట్రోల్, సీఎన్‌జీ పికప్‌లు

ఇక్కడ లెక్క మారుతుంది. ముందు స్కానర్ పెట్టండి. అది చూపే లోపం కోడ్‌లలో పి0301 అంటే మొదటి సిలిండర్ మిస్సింగ్, పి0302 రెండోది, అలా వరుసగా. పి0300 అంటే ఒకే సిలిండర్ అని తేలలేదు. కోడ్ రాసుకోకముందు చెరపకండి.

- ఒక్క సిలిండర్ కోడ్ వస్తే, ఆ సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్‌ను పక్కదానితో మార్చండి. మర్నాడు పొద్దున కోడ్ కాయిల్‌తో పాటు వెళితే కాయిల్ పోయింది. వెళ్లకపోతే స్పార్క్ ప్లగ్గును అలాగే మార్చి చూడండి. ఒక రోజుకు ఒక్క మార్పే.
- మంచు బాగా కురిసిన రోజుల్లోనే మిస్సింగ్ వస్తే తేమ కారణం. చీకట్లో ఇంజన్ నడుపుతూ కాయిల్ చుట్టూ నీటి తుంపర చల్లితే, పగులు ఉన్న చోట నీలిరంగు రవ్వ కనిపిస్తుంది. చేతులు దూరంగా ఉంచండి.
- సీఎన్‌జీ బండ్లు చాలావరకు పెట్రోల్‌తో స్టార్టయి తర్వాత గ్యాస్‌కు మారతాయి. మారగానే మిస్సింగ్ పోతే లోపం పెట్రోల్ వైపే ఉంది. నెలల తరబడి ట్యాంకు అడుగున పాత పెట్రోల్ నిలిచి ఉన్న బండ్లలో ఇది మామూలు. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తుంది, అది తేమను పీలుస్తుంది. పాతది తీసేసి తాజాది పోయించి, వారానికి కొంత దూరం పెట్రోల్ మీద నడపండి.

చెక్ ఇంజన్ లైటు మిణుకుమంటే బండి ఆపండి. మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లో (పొగను శుద్ధి చేసే భాగం) చేరి మండుతుంది, ఆ భాగం ఖరీదు కాయిల్‌కంటే ఎన్నో రెట్లు.

13. ఇంజన్ లోపలి లోపాలు

సాయంత్రం గీసిన గీత కంటే పొద్దున కూలెంట్ తగ్గి ఉందా? మళ్లీ నింపాక కొన్ని రోజుల్లో బయట ఎక్కడా కారకుండానే తగ్గుతోందా? స్టార్ట్ చేయగానే డబ్బాలో బుడగలు వస్తున్నాయా? అయితే హెడ్ గాస్కెట్ అనుమానించాలి. రాత్రి చుక్కచుక్కగా సిలిండర్‌లో చేరిన నీరు పొద్దున మొదటి నిమిషంలో మిస్సింగ్ తెస్తుంది. వర్క్‌షాపులో కూలింగ్ వ్యవస్థకు గాలి ఒత్తిడి పెట్టి, కొన్ని గంటలు నిలుస్తుందో లేదో చూపమనండి.

అన్నీ బాగుండి ఒక సిలిండర్ చలికి మాత్రమే మండకపోతే కంప్రెషన్ కొలవాలి. డీజిల్ ఇంజన్లకు సాధారణంగా 20 నుంచి 30 బార్లు ఉంటుంది, కచ్చితమైన కనీస అంకె మాన్యువల్‌లో చూడాలి. దానికంటే ముఖ్యం, ఒక సిలిండర్‌కూ మరోదానికీ మధ్య తేడా పది పదిహేను శాతం దాటకూడదు. వేడి ఇంజన్‌లోనూ, చల్లటి ఇంజన్‌లోనూ రెండుసార్లు కొలవమనండి. పెట్రోల్ ఇంజన్‌కు చేసినట్టు డీజిల్ సిలిండర్‌లో ఆయిల్ పోసి కంప్రెషన్ చూడవద్దు, ఖాళీ స్థలం తక్కువ గనుక ఇంజన్ దెబ్బతింటుంది.

14. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సవరణలు

- బండిని నడుపుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్లడం. ముందురోజు సాయంత్రమే అక్కడ వదిలి, పొద్దున తాను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని చెప్పండి. కుదరకపోతే వీడియో, రాసుకున్న అంకెలు చూపండి.
- ఒకేసారి ప్లగ్గులు, ఫిల్టర్, బ్యాటరీ మార్చడం. బాగుపడినా ఏది కారణమో తెలియదు, మళ్లీ వస్తే మొదటికే వస్తారు.
- కారణం తెలియకుండా చిక్కటి ఆయిల్ పోయించడం. పాత ఇంజన్‌కు బలం అంటూ 20డబ్ల్యూ-50 పోస్తే చలికి సెల్ఫ్ ఇంకా నెమ్మదిస్తుంది. మాన్యువల్ చెప్పిన గ్రేడే వాడండి.

15. బాగుచేశాక సరిచూసుకోవడం

వర్క్‌షాపు ఆవరణలో ఇంజన్ సమంగా తిరిగితే పని పూర్తయినట్టు కాదు. అక్కడ ఇంజన్ వెచ్చగానే ఉంది. సాలూరులోనో, విజయనగరంలోనో పని చేయిస్తే బండిని పైకి తెచ్చి రాత్రంతా ఆరుబయట నిలపండి. మర్నాడు మొదటి తెల్లవారుజామున చేసినట్టే వీడియో తీసి, పాతదానితో పోల్చండి. పొగ ఎంతసేపు, సెల్ఫ్ ఎన్ని సెకన్లు, మానిఫోల్డ్ దగ్గర నాలుగు అంకెలు. కనీసం మూడు చలి పొద్దులు ఇలా చూడండి, వాటిలో ఒకటి బాగా మంచు కురిసిన రోజు అయితే మరీ మంచిది.

తీసేసిన పాత భాగాలను మెకానిక్ దగ్గర అడిగి తీసుకోండి. వాటి మీద తేదీ, ఏ సిలిండర్‌దో రాసి సంచిలో ఉంచండి. ఫోనులో రాసుకున్న వోల్టేజీలు, నిరోధాలు, ఉష్ణోగ్రతలు కూడా చెరపకండి. బండి బాగున్నప్పటి ఆ అంకెలతో పోల్చి చూసుకుంటే, వచ్చే నవంబరులో మిస్సింగ్ మొదలయ్యేలోపే ఏ ప్లగ్గు బలహీనపడుతోందో తెలుస్తుంది.